“ఏమీ అనదు లెండి!”

పిల్లలూ!

కుక్కను పెంచే ఇంటికి మీరెప్పుడైనా వెళ్ళారా? గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకముందే అది భౌమని లేస్తుంది. మీరు రెండడుగులు వెనక్కు వేస్తారు. అప్పుడు లోపలినుంచి ఇంటాయన నవ్వుతూ వచ్చి, “రండి, రండి! ఏమీ అనదు లెండి!” అంటాడు.

ఈ మాట నేను కూడా ఎంతోమందితో అన్నాను. ఆ మాటలో ఎంత పొరపాటున్నదో ఒక వేసవిలో నాకు తెలిసివచ్చింది. ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠాలు చెప్పిన నాకు, ఆ పాఠం ఒక కుక్కా ఒక చిన్నపిల్లా కలిసి నేర్పినవారైనారు. అది మీకు చెబుతాను. కుక్కను పెంచేవారూ వినండి, పెంచనివారూ వినండి. వీధి అందరిదీ కదా!

టామీ కూలబడిన రోజు

అది 2009వ సంవత్సరం, మే నెలాఖరు. రోహిణి కార్తె. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతవని పెద్దలు ఊరికే అనలేదు. నేనప్పుడు ఒక పల్లెటూరి హైస్కూలులో హెడ్మాస్టరుగా ఉన్నాను. బడికి కొత్త పుస్తకాలు వచ్చినవని కబురు వస్తే, పగలు పదకొండు గంటలకు సైకిలు ఎక్కాను. మా ఇంటికీ బడికీ నడుమ రెండు కిలోమీటర్ల తారురోడ్డు.

మాకు టామీ అని ఒక గోధుమరంగు నాటుకుక్క ఉండేది. నేను సైకిలెక్కితే చాలు, వెనకాలే పరుగెత్తుకు వచ్చేది. “మాస్టారి కుక్క చూడు, బంటులాగా వస్తున్నది!” అని దారిలో జనం అంటుంటే నాకు గర్వంగా ఉండేది. ఆరోజు కూడా వచ్చింది. నా తలమీద టోపీ, కాళ్ళకు చెప్పులు ఉన్నవి. దానికేమున్నవి?

సగం దారిలో టామీ వెనకబడింది. తిరిగి చూస్తే రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో నిలబడి నావంకే చూస్తున్నది. “రారా, బద్ధకమా!” అని ఈల వేశాను. అది ఒక్క క్షణం ఆగి, నీడ వదలి మళ్ళీ పరుగెత్తుకు వచ్చింది. పిల్లలూ, ఆ చెట్టుకింద నిలబడి అది “నేను రాలేను” అని చెప్పింది. నాకు అర్థం కాలేదు.

బడి గేటు దగ్గరకు వచ్చేసరికి దాని కాళ్ళు తడబడినవి. అక్కడే కూలబడింది. నాలుక బారెడు బయటపెట్టి ఎగశ్వాస పీలుస్తున్నది. నోటివెంట చిక్కని చొంగ కారుతున్నది. చెట్టుకింద ఆడుకుంటున్న పిల్లలంతా చుట్టూ మూగారు. వారిలో అయిదో తరగతి ముగించి ఆరులో చేరబోతున్న ఒక పిల్ల జాలిపడి దాని తల నిమరబోయింది. పక్కనున్న పిల్లలు, “వద్దే, కరుస్తుంది!” అన్నారు. నేనే కలగజేసుకుని, “ఏమీ అనదమ్మా, మన టామీయేగా!” అన్నాను.

మరుక్షణం టామీ దాని చేయి కరిచింది. ఎన్నడూ ఎవరినీ కరవని కుక్క! పిల్ల చేతిమీద రెండు గాట్లు పడి నెత్తురు వచ్చింది.

అదృష్టవశాత్తు అక్కడ ఇద్దరు తెలిసినవారున్నారు. మా అటెండరు ఆ పిల్లను బోరింగు దగ్గరకు తీసుకుపోయి, సబ్బు రాసి గాయం కడగటం మొదలుపెట్టాడు. రెండవవాడు పశువుల ఆసుపత్రి కాంపౌండరు. దారిన పోతూ చూసి ఆగాడు. నేను చెంబు తెచ్చి టామీ నోట్లో నీళ్ళు పోయబోతుంటే, నా చెయ్యి పట్టుకుని, “ఆగండి మాస్టారూ! అది మింగే స్థితిలో లేదు. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి,” అన్నాడు. టామీని నీడలోకి మోయించి, దాని పొట్టమీదా తొడలమీదా బకెట్లతో నీళ్ళు కుమ్మరించి, ఒక అట్టముక్కతో విసరటం మొదలుపెట్టాడు. ఊపిరి కాస్త కుదుటపడినాక రిక్షాలో ఆసుపత్రికి చేర్చాం.

టామీ బ్రతికింది. ఆ పిల్లకూ ఏ ప్రమాదమూ రాలేదు. డాక్టరు చెప్పిన రోజుల్లో ఒక్కటీ తప్పకుండా నేనే స్వయంగా బస్సులో తీసుకుపోయి ఇంజెక్షన్లు చేయించాను. వాళ్ళమ్మ నన్ను పల్లెత్తుమాట అనలేదు. అందుకు నాకు మరింత సిగ్గు కలిగింది. ఒకరోజు బస్సులో ఆ పిల్ల నన్నడిగింది:

“మాస్టారూ, టామీకి ఎండ దెబ్బ తగులుతుందని మీకెందుకు తెలియలేదు?”

సైన్సు పాఠం చెప్పే నాకు జవాబు దొరకలేదు. ఆ తరువాత తెలుసుకుని ఆ పిల్లకు చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కుక్కకు చెమట పట్టదా?

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక చేతిని తడిచేసి, రెండోది పొడిగా ఉంచి, రెంటిమీదా నోటితో ఊదండి. తడిచేయి చల్లగా ఉంటుంది. ఎందుచేత? నీరు ఆవిరి కావటానికి వేడి కావాలి. ఆ వేడిని అది మీ చర్మంనుంచే లాక్కుంటుంది. మనకు చెమట పట్టేది ఇందుకే. మన ఒంటినిండా చెమట గ్రంథులున్నవి. చెమట ఆరినకొద్దీ ఒళ్ళు చల్లబడుతుంది.

కుక్కకు అట్లా కాదు. ఒళ్ళంతా బొచ్చు. ఒంటిని చల్లబరచే చెమట గ్రంథులు దాని అరికాళ్ళలో మాత్రమే ఉంటవి. నాలుగు అరికాళ్ళ చెమట దానికే మూలకు? అందుచేత అది నాలుక బయటపెట్టి వగరుస్తుంది. నాలుకమీదా, నోటిలోనూ, ముక్కులోనూ ఉన్న తడి ఆవిరై దాని నెత్తురును చల్లబరుస్తుంది. హాయిగా పడుకున్న కుక్క నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. వగర్చేటప్పుడు అది 300 సార్లు దాకా పోతుంది! గడియారం పెట్టుకుని, దూరంగా కూర్చుని లెక్కపెట్టండి.

గాలిలో తేమ ఎక్కువగా ఉంటే తడి త్వరగా ఆరదు. అందుకే సముద్రతీరపు ఊళ్ళలో ఉక్కపోసే రోజున, ఎండ అంత తీవ్రంగా లేకపోయినా, కుక్కకు ప్రాణం మీదికి వస్తుంది. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడిముక్కు కుక్కలకు ముక్కులో గాలి ఆడే దారే ఇరుకు. హస్కీ వంటి మంచుదేశపు కుక్కలకు దట్టమైన బొచ్చు. ముసలి కుక్కలకూ, లావెక్కిన కుక్కలకూ ఓపిక తక్కువ. వీటన్నిటికీ వేసవి మరీ గడ్డుకాలం.

మన ఒంటి వేడి 98.6 డిగ్రీల ఫారన్‌హీటు చుట్టుపక్కల ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీలు. అది 104 దాటితే ప్రమాదం. 106కు చేరితే మెదడు, మూత్రపిండాలు, పేగులు చెడటం మొదలవుతుంది. టామీ వడదెబ్బ అంటే అదే.

ఏడు అంకెల పరీక్ష

తారురోడ్డు ఎండను మింగి దాచుకుంటుంది. గాలికన్నా అది ఎంతో ఎక్కువగా కాలుతుంది. కుక్క పొట్ట రోడ్డుకు జానెడు, మూరెడు ఎత్తులోనే ఉంటుంది కనుక, పైనుంచి ఎండా కిందనుంచి సెగా రెండూ దానికే.

కుక్కను బయటకు తీసుకుపోయేముందు, బండ్లు రాని చోట, పెద్దవారిని పక్కన ఉంచుకుని, మీ చేతి వెనుకభాగాన్ని రోడ్డుకు ఆనించండి. ఒకటి, రెండు, మూడు అంటూ నెమ్మదిగా ఏడు లెక్కపెట్టండి. ఏడువరకూ చేయి ఉంచలేకపోతే, కుక్క కాళ్ళు కూడా అక్కడ ఉండలేవు. దాని అరికాళ్ళు గట్టిగా కనబడినా అవీ చర్మమే, బొబ్బలెక్కుతవి. కుక్క రోడ్డుమీద గంతులు వేస్తున్నదంటే ఆడుతున్నదని నవ్వకండి. కాళ్ళు కాలుతున్నవేమో చూడండి.

వేసవిలో షికారుకు సరైన వేళ సూర్యుడు పైకి రాకముందు. సాయంత్రమైతే, పొద్దుగూకిన వెంటనే బయలుదేరరాదు. సూర్యుడు పోయినా రోడ్డు సెగ పోదు. అప్పుడు కూడా ఏడు అంకెల పరీక్ష చేయండి. మట్టిబాటా, గడ్డినేలా తారుకన్న మేలు. ఒక సీసాలో నీళ్ళూ, ఒక చిన్న గిన్నే వెంట ఉంచుకోండి.

కారులో ఊళ్ళు తిరిగేవారికి ఇంకొక మాట. “ఇప్పుడే వస్తాం” అని కుక్కను కారులో వదిలి దుకాణంలోకి పోరాదు. అద్దాలు మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి సుమారు పది సెల్సియస్ డిగ్రీలు పెరగగలదు. అద్దం రెండంగుళాలు దించినందువల్ల లాభం చాలా స్వల్పం. దుకాణంలో మనకు పది నిమిషాలు ఎంతలో అయిపోతవి!

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కుక్క ఆగకుండా వగరుస్తూ, చిక్కని చొంగ కారుస్తూ, తూలుతూ, వాంతి చేసుకుంటూ ఉంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చాలి. ఒంటిమీద, ముఖ్యంగా పొట్టమీదా తొడలమీదా, చల్లని నీళ్ళు పోస్తూ విసరాలి. తడిగుడ్డ కప్పి ఊరుకోరాదు; గాలి తగిలితేనే తడి ఆరి వేడి తగ్గుతుంది. తానుగా తాగితే కొద్దికొద్దిగా నీళ్ళు పెట్టవచ్చు, నోట్లో మాత్రం పోయరాదు. ముందు చల్లబరచండి, ఆ వెంటనే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. ఇది పెద్దవారు చేయవలసిన పని. పిల్లలు దాని మూతి దగ్గరకు పోరాదు. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు.

వీధిలో మర్యాద

బాధలో ఉన్న కుక్క, భయపడిన కుక్క, వేడికి విసిగిన కుక్క ఎంత మంచిదైనా కరవవచ్చు. అందుచేత బయటకు వచ్చిన కుక్కకు మెడపట్టీ, గొలుసో తాడో తప్పకుండా ఉండాలి. జనం ఉన్నచోట దాన్ని పొట్టిగా పట్టుకోవాలి. గొలుసును చేతికి చుట్టుకోరాదు; అది లాగితే మీరు పడిపోతారు. మీకన్న బలమైన కుక్కను మీరు ఒంటరిగా తీసుకుపోరాదు, ఇంట్లో పెద్దవారు రావాలి.

ఎదురుగా వచ్చేవారికి కుక్కంటే భయం ఉండవచ్చు. వారిని చూసి నవ్వటం మర్యాద కాదు. గొలుసు దగ్గరకు లాక్కుని, దారి విడిచి నిలబడటం మర్యాద. “మొరిగే కుక్క కరవదు” అని సామెత ఉన్నది. ఆ సామెత మనకు తెలుసు, కుక్కకు తెలియదుగా!

పరాయి కుక్కను ముట్టుకోవాలనిపిస్తే ముందు యజమానిని అడగండి. ఆయన సరేనన్నా, కుక్క వగరుస్తూ ఉంటే ముట్టుకోవద్దు. తింటున్న కుక్కనూ, నిద్రపోతున్న కుక్కనూ, పిల్లలకు పాలిస్తున్న కుక్కనూ కదపవద్దు. వీధికుక్క మీదికి వస్తే పరుగెత్తవద్దు. దాని కళ్ళలోకి చూడకుండా, చేతులు ఒంటికి ఆనించుకుని కదలక నిలబడండి.

ఇంకొక సంగతి ఉన్నది. చెప్పటానికి ఎవరూ ఇష్టపడరు, కాని నేను చెబుతాను. షికారుకు పోయిన కుక్క దారిలో మలవిసర్జన చేస్తే దాన్ని ఎవరు తీయాలి? కుక్క తీయలేదు. పారిశుద్ధ్య కార్మికురాలు ఎందుకు తీయాలి? గొలుసు పట్టుకున్నవారే తీయాలి. పాత పత్రిక కాగితాలు రెండు జేబులో ఉంచుకుంటే చాలు. ఇది అసహ్యానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. కుక్కల కడుపులో ఏలికపాములూ, కొంకిపురుగులూ ఉండవచ్చు. మలంతో వాటి గుడ్లు మట్టిలో కలుస్తవి. కొంకిపురుగు పిల్లలు ఉత్తకాళ్ళతో తిరిగే బిడ్డల చర్మం గుండా లోపలికి దూరగలవు. మీరు గోలీలు ఆడే మట్టి అదే కదా! కుక్కకు పురుగుల మందు వేయించటం, బయటనుంచి రాగానే మీరు చేతులు కడుక్కోవటం కూడా ఇందుకే.

కుక్క కరిస్తే

ఆరోజు మా అటెండరు చేసినది చాలా గొప్ప పని. కుక్క కరిచినా, గోటితో గీరినా, పుండుమీద నాకినా, వెంటనే ఆ చోటును సబ్బుతో, పారే నీటికింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏవీ పెట్టరాదు. కట్టు కట్టరాదు. ఆరోజే ఆసుపత్రికి పోవాలి. పిచ్చికుక్క వ్యాధి, అంటే రేబిస్, లక్షణాలు బయటపడినాక ప్రాణం దక్కటం దాదాపు అసంభవం. కాని అంతకుముందే సరిగా టీకాలు వేయించుకుంటే రాకుండా ఆపవచ్చు. పూర్వం బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచేవారని తాతయ్యలు చెబుతారు. ఇప్పుడు ఆ పద్ధతి లేదు, టీకా చేతికే వేస్తారు. గాయం లోతుగా ఉంటే, గాయంచుట్టూ మరొక మందు కూడా వేస్తారు. ఒక టీకా వేయించుకుని మానరాదు. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలి. కాని ఆ పది రోజులకోసం టీకా ఆపరాదు.

ఈ టీకా మొదట పొందిన పిల్లవాడు తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్. పిచ్చికుక్క కరిచిన ఆ బాలుని 1885 జూలై 6న పారిస్ నగరంలో లూయీ పాశ్చర్ కాపాడాడు. ఇంటికుక్కకు మూడోనెలలో రేబిస్ టీకా వేయించి, తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయిస్తూ ఉంటే, ఇంట్లోవారికీ వీధిలోవారికీ కూడా రక్ష. టామీకి టీకా వేయించి ఉన్నాను. ఆ రోజుల్లో నేను చేసిన మంచిపని అదొక్కటే.

ఇవన్నీ మర్యాదలు మాత్రమే అనుకోకండి. చట్టం కూడా ఉన్నది. జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే 1960వ సంవత్సరపు చట్టం ప్రకారం, పెంచుకునే జంతువుకు చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవటం నేరం. ఎప్పుడూ కట్టివేసి ఉంచే కుక్కను తిప్పకపోవటం కూడా నేరమే. మరొకవైపు, మన జంతువువల్ల ఇతరులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే, 2024 జూలై 1నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం శిక్ష ఉన్నది. చూశారా, చట్టం కుక్కకూ అండగా నిలిచింది, దారిన పోయేవారికీ అండగా నిలిచింది.

సరమ అడిగింది, టామీ అడగలేదు

మహాభారతం ఆదిపర్వంలో సరమ అనే దేవలోకపు కుక్క కథ ఉన్నది. దాని పిల్ల జనమేజయుడు యాగం చేసేచోట ఆడుకుంటూ ఉంటే, జనమేజయుని తమ్ములు కొట్టి తరిమారు. సరమ నేరుగా రాజు దగ్గరకు వచ్చి, తప్పుచేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. రాజు దగ్గర జవాబు లేకపోయింది.

సరమకు మాట వచ్చును. టామీకి రాదు. వేపచెట్టు కింద నిలబడి నావంక చూడటమే అది చేయగలిగిన పని. “ఏమీ అనదు లెండి!” అని నేను అందరితో అంటూ వచ్చాను. నిజమే, కుక్క ఏమీ అనదు. “ఎండగా ఉన్నది” అనదు, “దాహం” అనదు, “కాళ్ళు కాలుతున్నవి” అనదు, “నన్ను ఇప్పుడు ముట్టుకోకండి” అని కూడా అనదు. ఇవన్నీ దాని తరఫున గొలుసు పట్టుకున్నవారే తెలుసుకోవాలి.

టామీ ఆ తరువాత నాలుగేళ్ళు బ్రతికింది. నేను సైకిలు తీస్తే అరుగుమీదనుంచి తోక ఆడించేది, కాని నేను పిలిచేవాణ్ణి కాదు. తెల్లవారుజామున ఇద్దరమూ కాలువగట్టు వెంట నడిచేవాళ్ళం. ఆ పిల్ల ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు గుమ్మం బయటే ఆగి, “మాస్టారూ, ఇప్పుడు ముట్టుకోవచ్చా?” అని అడిగింది.

నేను వెంటనే సరేననలేదు. లేచి వెళ్ళి టామీని చూశాను. అది నీడలో చల్లగా పడుకుని, నోరు మూసుకుని, తోక ఆడిస్తున్నది. అప్పుడు అన్నాను, “రా అమ్మా!” అని.

పిల్లలూ, ఈ వేసవిలో మీ ఊళ్ళో మనుషులకు చలివేంద్రాలు పెడతారు. మీ ఇంటిముందు, దారికి అడ్డంలేని నీడలో, ఒక మట్టిమూకుడు పెట్టి నీళ్ళు పోయండి. దోమలు చేరకుండా ప్రతిరోజూ కడిగి మార్చండి. వచ్చి తాగే కుక్క మీకు కృతజ్ఞతలు చెప్పదు. అయినా పోయండి.